ఏడు గింజల కార్తీక

పోయిన వారం కార్తీక వాళ్ల అవ్వని ఒకటో తరగతి గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చెప్పులు కూడా విప్పలేదు. కొంగు నడుముకి దోపుకుని, నా మనవరాల్ని దినమూ ఏడవమని ఎందుకు చెప్తున్నావు టీచరూ అని అరవంలో నిలదీసింది. మనం ఆ మాట దగ్గర ఆగాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. సూలూరు దాటాక, మిలిటరీ విమానాలు తల మీదుగా దిగే దారిలో, పవర్‌లూమ్ షెడ్డుకి గోడ ఆనుకుని ఒక చిన్న బడి ఉంది. అక్కడ ఒకటో తరగతి టీచర్ జెబమలర్. పిల్లలంటే ప్రాణం. ఊరు అడిగితే మదురై అంటుంది, భాష అడిగితే తమిళం అంటుంది. రెండూ అబద్ధాలే. ఆమె పుట్టింది కోయంబత్తూరులో, వీధులు ఊడ్చేవాళ్ల లైన్ ఇళ్లల్లో. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇప్పటికీ వాళ్లమ్మ ఫోన్ చేస్తే బడి వెనక నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది.

దాచాల్సినంత ఏముంది తెలుగులో అంటారా? ఆ పక్కం తెలుగు రెండు రకాలు. మిల్లులు పెట్టిన నాయుళ్ల బంగళాల్లో ఒకటి. ఆ మిల్లుల ముందు చీపురు పట్టుకున్న వాళ్ల లైన్లలో ఇంకొకటి. మాటలు దాదాపు అవే, మాటల తోకలు వేరు. నోరు తెరిస్తే చాలు, ఏ ఇంటి పిల్లో తెలిసిపోతుంది. టీచర్ ట్రైనింగ్ హాస్టల్లో జెబమలర్ ఒకసారి అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్క మంచం అమ్మాయి విన్నది. ఏమీ అనలేదు. మర్నాడు అన్నాల దగ్గర తన ప్లేటు మాత్రం కాస్త అవతలకి జరుపుకుంది. ఆ జరిగిన ప్లేటు చప్పుడు జెబమలర్ చెవిలో ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి తెలుగుని పెట్టెలో పెట్టి తాళం వేసింది.

ఇక కార్తీక. ఒకటో తరగతిలో అందరికంటే చిన్నపిల్ల. వాళ్లమ్మ తిరుప్పూరు బనియన్ కంపెనీలో పని చేస్తూ ఆదివారాలు వచ్చి పోతుంది. పిల్ల పెరిగిందంతా అవ్వ దగ్గర. పాటలు బాగా పాడుతుంది, బంకమట్టితో ఏనుగుని చేస్తే తొండం ఊగుతున్నట్టే ఉంటుంది. ఒక్క లెక్క దగ్గరే చిక్కు. మూడు గింజలు తీయమంటే ఏడు తీస్తుంది. అయిదు తీయమన్నా ఏడే. తప్పమ్మా, మళ్లీ తియ్యి అని బుజ్జగిస్తే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంటుంది. హెడ్‌మాస్టర్ నవనీతకృష్ణన్ రెండుసార్లు చూశాడు. ఈ పిల్లకి ఇంకా వయసు రాలేదు, ఇంకో ఏడాది బాల్వాడీకి పంపిద్దాం అన్నాడు.

అదీ సంగతి. ఇప్పుడు గుమ్మం దగ్గరికి పోదాం.

జెబమలర్‌కి ఏమీ అర్థం కాలేదు. ఏ పిల్లనీ ఏడవమని ఆమె ఎప్పుడూ అనలేదు. ఏడ్చే పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముక్కు తుడిచే మనిషి. ఆ మాటే అరవంలో చెప్పి, లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం అన్నది.

అవ్వ పేరు పాండీశ్వరి. మిల్లులో వేస్ట్ కాటన్ ఏరే పని. జుట్టులో అక్కడక్కడా దూది పింజలు ఇంకా అంటుకునే ఉన్నాయి. పని మధ్యలో సూపర్‌వైజర్‌ని అడిగి వచ్చింది కాబట్టి కూర్చునే తీరిక లేదు. నా మనవరాలు అబద్ధం చెప్పదు అన్నది. పొద్దున బడికి రానని గడప పట్టుకుని కూర్చుందట. ఎందుకే అని అడిగితే, టీచర్ ఏడమంటుంది, నేను ఏడిస్తే ఎందుకు ఏడుస్తావు అని మళ్లీ అడుగుతుంది అన్నదట. చిన్నపిల్లతో ఇదేం ఆట అని పాండీశ్వరి గొంతు పెంచింది.

ఈ గొంతు విని పక్క గదిలోంచి హెడ్‌మాస్టర్ వచ్చాడు. నవనీతకృష్ణన్ చెడ్డవాడు కాదు. రిటైర్మెంట్ దగ్గర పడిన మనిషి, పొట్ట ముందు, మనసు వెనక నడుస్తుంటాయి. జెబమలర్ అడిగిందని తన పెదనాన్న కొడుకుల మిల్లు నుంచి గోనెసంచి నిండా అట్ట కోన్లు తెచ్చిపెట్టింది ఆయనే. నూలు అయిపోయాక పారేసే ఆ కోన్లని జెబమలర్ ఇసుక ట్రేలో సన్నకొస కిందికి పెట్టి గుచ్చి, ఒక్కోదాని మీద ఒక్కో అంకె రాసింది. పిల్లలు చింతగింజలు ఎంచి కోన్‌లో వేస్తారు. తర్వాత కోన్ పైకెత్తితే గింజలన్నీ ఇసుకలో కుప్పపడతాయి, అందరూ కలిసి ఎంచి చూస్తారు. చింతగింజలెందుకు, అంగట్లో రంగుపూసలు దొరకవా అని పోయిన భాగం కింద ఒకరు రాశారు. దొరుకుతాయండి. కానీ చింతగింజ అట్ట కోన్‌లో పడితే టక్‌మంటుంది. ఆ టక్ కోసమే పిల్లలు లెక్క నేర్చుకుంటారు.

నవనీతకృష్ణన్ సంగతి విని, పాండీశ్వరికి నిదానంగా చెప్పాడు. ఏడిపించడం ఏమీ లేదమ్మా, పిల్లకి లెక్క తలకెక్కడం లేదు, అందుకే బెదురుతోంది. సోమవారం నుంచి బాల్వాడీలో కూర్చోబెడదాం, ఆడుకుంటుంది అన్నాడు.

పాండీశ్వరి ముఖం నల్లబడింది. బాల్వాడీకి పంపితే మా లైన్ మొత్తం నవ్వుతుంది సామీ అన్నది. వెనక్కి పంపేదైతే ఇంక బడే వద్దు, నాతో పాటు మిల్లుకి తీసుకుపోతాను, దూది గుట్ట పక్కన కూర్చుంటుంది అన్నది. కోపంగా అనలేదు. అందుకే జెబమలర్‌కి భయం వేసింది. కోపంలో అన్నమాట సాయంత్రానికి చల్లారుతుంది, ఇలా అన్నమాట అలాగే జరిగిపోతుంది.

"ఒక్కసారి సార్," అన్నది తమిళంలో. "మీ ముందే చేయిస్తాను. అప్పటికీ రాకపోతే మీ ఇష్టం."

నవనీతకృష్ణన్ పిల్లల బల్ల మీద ఒక పక్కగా కూర్చున్నాడు. పాండీశ్వరి గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని నిలబడింది. పిల్లలంతా చాపల మీద గుండ్రంగా జరిగి మధ్యలో చోటిచ్చారు. కార్తీక ఇసుక ట్రే ముందు మఠం వేసుకుంది. ముందు కొబ్బరిచిప్పలో గింజలు. అవ్వ వైపు ఒకసారి చూసింది, టీచర్ వైపు ఒకసారి చూసింది.

అవతల షెడ్డులో మగ్గాలు దడదడమంటున్నాయి. ఆ బడిలో మామూలు గొంతుతో చెప్తే రెండో వరుసకి వినపడదు. అందుకే జెబమలర్ ఏది చెప్పినా సాగదీసి, పాటలా చెప్తుంది.

"మూణు ఎ...డూ," అన్నది. మూడు తియ్యి అని.

కార్తీక ఒక్కొక్క గింజా ఏరి కోన్‌లో వేసింది. టక్. టక్. టక్. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఎంతో శ్రద్ధగా, నాలిక కొస పంటి మధ్య పెట్టుకుని, ఏడు వేసి చేతులు దులుపుకుంది.

వెనక నుంచి ఇళంగో అనే పిల్లవాడు, "ఏళుమలై వందాచ్చు," అన్నాడు. ఏడుకొండల వాడొచ్చాడు అన్నట్టు. ఎప్పుడూ ఏడే తీస్తుందని పిల్లలు కార్తీకకి పెట్టిన పేరది. అందరూ కిలకిలా నవ్వారు. నవనీతకృష్ణన్ కూడా నవ్వబోయి, పాండీశ్వరి ముఖం చూసి మీసం దువ్వుకున్నాడు.

 జెబమలర్ కోన్ ఎత్తి, ఇసుకలో పడ్డ గింజలు ఏరి మళ్లీ చిప్పలో పోసింది. ఇంకో అంకె చూద్దాం అనుకుంది. ఆరు చెప్దాం. ఆరు అయితే ఏడుకి దగ్గర, ఒక్కటి తగ్గితే చాలు.

"ఆరు ఎ...డూ."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అవతల మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో జెబమలర్‌కి తన గొంతు తనకే వినపడింది. సాగి, పొడుగైన ఆ 'డూ' గదిలో ఇంకా వేలాడుతూ ఉంది. దాని వెనకే ఇంకో చిన్న గొంతు వినపడింది. గూట్లో దీపం పెట్టినంత మెల్లగా, పెదాలు కదిలీ కదలకుండా, కార్తీక అంటోంది.

"ఎనిమిది. తొమ్మిది."

జెబమలర్ చెయ్యి ఇసుకలోనే ఉండిపోయింది.

ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది.

పిల్ల లెక్క తప్పలేదు. ఎప్పుడూ తప్పలేదు. ఆరు అంటే తమిళంలోనూ ఆరే, తెలుగులోనూ ఆరే. ఎడు అంటే తమిళంలో తియ్యి అని. మగ్గాల హోరులో సాగదీస్తే అది ఏడు అయింది. అవ్వ దగ్గర పెరిగిన పిల్లకి తెలిసిన ఏడు. మూణు అన్నది ఆ పిల్లకి కొత్త మాట, చెవి పక్కనుంచి పోయింది. ఏడు అన్నది ఇంటి మాట, చెవిలో దిగింది. అందుకే ఏడు గింజలు. ఎప్పుడూ ఏడే.

మరి ఏడుపు? తప్పమ్మా, ఎడు, ఎడు అని తనే కదా ప్రతిరోజూ బుజ్జగించింది. ఏడు, ఏడు అని. టీచర్ ఏడమంటే ఆ పిల్ల ఏడ్చింది. చెప్పిన మాట విన్నది. అంతకంటే మంచి పిల్ల తరగతిలో ఇంకెవరున్నారు?

జెబమలర్‌కి నవ్వొచ్చింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. హెడ్‌మాస్టర్‌కి తెలియలేదంటే సరే, ఆయన కార్తీకని రెండుసార్లే చూశాడు. తనకెందుకు తెలియలేదు? తనూ ఈ మాటల్లోనే కదా లెక్క నేర్చుకుంది. లైన్ ఇంటి ముందు అమ్మ పండగకి చింతపండు పిసుకుతూ, తీసిన గింజలు ఒక్కొక్కటే తన అరచేతిలో పెడుతూ ఎంచేది. ఒకటి, రెండు, మూడు. తడి గింజలు జారిపోతుంటే ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. పెట్టెలో పెట్టి తాళం వేసింది తెలుగుని మాత్రమే అనుకుంది. చెవులని కూడా అందులోనే పెట్టేసిందన్నమాట.

హెడ్‌మాస్టర్ బల్ల మీద నుంచి లేచాడు. చూశారు కదా అన్నాడు పాండీశ్వరితో.

ఒక్క నిమిషం సార్ అని జెబమలర్ ఇంకో దారి వెతికింది. తాళం తీయకుండా బయటపడే దారి. ఎడు అనకుండా, తమిళంలోనే ఇవ్వమని అడిగితే? నాలుగు గింజలు నా చేతిలో ఇవ్వు అన్నట్టు, "నాలు కుడు" అని చెయ్యి చాచింది. కార్తీక ఆ చేతిని చూసింది. ఇది కొత్త ఆట. ఇందులో ఏడు అన్న మాట కూడా లేదు. చేతికి దొరికిన ఒక్క కొమ్మా పోయినట్టు బిక్కముఖం పెట్టి, అవ్వ వైపు తిరిగింది. కింది పెదవి వణకడం మొదలైంది.

పాండీశ్వరి గోడ దగ్గర నుంచి కదిలింది. "పోదాం రామ్మే," అని చెయ్యి చాపింది. తెలుగులో.

ఆ 'రామ్మే' జెబమలర్‌ని ఎక్కడ తాకాలో అక్కడ తాకింది. ఇరవై ఏళ్లుగా ఆ తోక తగిలించి తనని పిలిచేది వాళ్లమ్మ ఒక్కతే, అదీ ఫోన్లో. తాళం ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు.

"ఏడవమాకమ్మే," అన్నది. "నిన్ను ఏడమనలేదు. తియ్యమన్నాను. మూడు గింజలు తియ్యి చూద్దాం. ఒకటి, రెండు, మూడు."

కార్తీక ఏడుపు సగంలో ఆగింది. టీచర్ నోట్లోంచి అవ్వ మాటలు ఎలా వస్తున్నాయో చూద్దామన్నట్టు జెబమలర్ నోటి వైపే చూసింది. తర్వాత చిప్పలోంచి గింజలు తీసింది.

టక్. టక్. టక్.

ఆగింది. ఇంతేనా అన్నట్టు చూసింది.

"అంతే. ఇప్పుడు అయిదు."

అయిదు పడ్డాయి. తొమ్మిది అంటే తొమ్మిది పడ్డాయి. రెండు అంటే రెండు, అదీ ఇంత సులువైనదా అన్నట్టు దూరం నుంచి విసిరి వేసింది. కోన్ ఎత్తిన ప్రతిసారీ పిల్లలంతా మోకాళ్ల మీద ముందుకొచ్చి ఎంచారు. ఇళంగోకి ఇది తమని చేర్చుకోని ఆటలా అనిపించింది. ఏళుమలైకి వేరే లెక్క నేర్పుతున్నారు, మాకూ కావాలి అని గొడవ పెట్టాడు. జెబమలర్ కార్తీకనే నేర్పమన్నది. కార్తీక చెయ్యి నడుము మీద పెట్టుకుని అచ్చం టీచర్ లాగే సాగదీస్తూ, "మూ...డూ," అని చెప్పింది. ఇళంగో, "మూడు," అన్నాడు. పిల్లలంతా పడీపడీ నవ్వారు, ఎందుకంటే అరవంలో మూడు అంటే నోరు మూయమని. అంతవరకు ఏడు గింజల పిల్లని చూసి నవ్విన తరగతి, ఇప్పుడు ఆ పిల్లతో కలిసి నవ్వింది.

అప్పుడు జెబమలర్ తిరిగి తమిళంలోకొచ్చి ఎడు అంటే ఏమిటో కార్తీకకి చూపించింది. ఎడు అంటూ గింజ తీసింది, ఎడు అంటూ చాక్‌పీసు తీసింది, ఎడు అంటూ కార్తీక ముక్కు పట్టుకుని తీసినట్టు చేసింది. ఈసారి సాగదీయలేదు. పొట్టిగా, టక్‌మని చెప్పింది. "మూణు ఎడు." కార్తీక ఒక క్షణం ఆలోచించి, మూడే తీసింది.

పాండీశ్వరి చెప్పులు విప్పి గుమ్మం బయట పెట్టింది. లోపలికొచ్చి చాప మీద కూర్చుంది. మనవరాలి తల నిమురుతున్నా ఆమె చూపు మాత్రం జెబమలర్ మీదే ఉంది. 'ఏడవమాకమ్మే' అన్న మాట ఆమెకి కూడా వినపడింది కదా. బంగళా తెలుగుకి ఆ తోక ఉండదు.

నవనీతకృష్ణన్ మాత్రం ఆ తోకని పట్టించుకోలేదు. ఆయన ముఖం దసరా బొమ్మల కొలువులా వెలిగిపోతోంది. దగ్గరకొచ్చి, ఇంట్లో తప్ప ఎక్కడా వాడని బంగళా తెలుగు బయటకి తీశాడు.

"ఏమండీ టీచర్, మీరు మనవాళ్లా? ఇన్ని దినాలు ఒక్క మాట చెప్పనే లేదే."

జెబమలర్ నవ్వడానికి ప్రయత్నించింది.

ఆయన ఆగలేదు. పిల్లని వెనక్కి పంపే మాట మర్చిపోండి, తప్పు నాదే అన్నాడు. మా ఇంట్లో వాళ్లకి తెలిస్తే ఎంత సంతోషపడతారో అన్నాడు. ఆదివారం పీలమేడులో మా ఇంటికి భోజనానికి రావాల్సిందే, మా అమ్మకి తెలుగు మాట్లాడేవాళ్లు దొరికితే పండగే అన్నాడు. ఇక మామూలుగా అడిగే ప్రశ్న, ఆ పక్కం ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే ముందుగా అడిగే ప్రశ్న, ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

"మీ ఇంటిపేరు ఏమి?"

గదిలో పిల్లల సందడి ఉంది, కానీ జెబమలర్ చెవిలో ఒక ప్లేటు జరిగింది.

ఆ పీలమేడు ఇల్లు పాండీశ్వరికి తెలుసు. పండగల ముందు మిల్లు తరఫున ఊడ్చి కడగడానికి పోతుంది. వెనక వాకిలి తెలుసు, ముందు వాకిలి తెలియదు. ఆమె ఒకసారి హెడ్‌మాస్టర్ని చూసింది, ఒకసారి టీచర్ని చూసింది. ఇందాక పోట్లాటకి వచ్చిన మనిషి, ఇప్పుడు కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఏమీ ఎరగనట్టు అన్నది.

"టీచరమ్మది మదురై పక్కం కదా సామీ. పెద్దింటి నాయుడోళ్లే అయ్యుంటారు. చూస్తేనే తెలస్తా ఉండాదే."

చెప్పి, జెబమలర్ వైపు కనురెప్ప కొట్టినంత చిన్నగా తల ఊపింది. ఊఁ అను, సరిపోతుంది అన్నట్టు.

అదో దానం. తన దగ్గర అంతకంటే ఇవ్వడానికేమీ లేని మనిషి ఇచ్చిన దానం. జెబమలర్ ఊఁ అంటే చాలు. ఆదివారం ముందు వాకిలి తెరుచుకుంటుంది, అరిటాకు వేస్తారు, మదురై మదురైలాగే ఉంటుంది.

అప్పుడు కార్తీక ఆమె చీర చెంగు లాగింది. పిడికిట్లో చింతగింజలు. ముఖమంతా వెలుగు.

"టీచర్, నువ్వు మా అవ్వ మాదిరే మాట్లాడతావే. మీ ఇల్లు కూడా లైన్లోనా?"

పాండీశ్వరి పిల్లని వెనక్కి లాక్కోబోయింది. నవనీతకృష్ణన్ నవ్వు ముఖం మీదే ఉంది, కానీ కళ్లు మాత్రం పిల్ల దగ్గర నుంచి టీచర్ దగ్గరికి, అక్కడి నుంచి పాండీశ్వరి దగ్గరికి మెల్లగా తిరిగాయి.

జెబమలర్ కిందికి చూసింది. నీ మాట తప్పు కాదని ఈ పిల్లకి చెప్పి పావుగంట కూడా కాలేదు. ఇప్పుడు ఊఁ అంటే, రేపు ఈ పిల్ల కూడా ఏదో ఒక ట్యాంకు వెనక నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాళ్లవ్వతో మాట్లాడుతుంది.

కరెంటు వచ్చింది. అవతల మగ్గాలు ఒక్కసారిగా దడదడమన్నాయి. ఇంక ఆ గదిలో ఏ మాటైనా చెవిలో చెప్పుకునే వీలు లేదు. చెప్తే అందరికీ వినపడేలా చెప్పాలి.

జెబమలర్ కార్తీక పిడికిలిని తన చేతిలోకి తీసుకుంది. తల ఎత్తి, రెండో వరుసకే కాదు, గోడ అవతలి మగ్గాలకి కూడా వినపడేంత గట్టిగా, మాటల తోకలేవీ కత్తిరించకుండా అన్నది.

"ఇంటిపేరు తర్వాత చెప్తాను సార్. ముందు మాయమ్మ ఏం పని చేస్తాదో చెప్తాను, ఇనుకోండి."